వీధిలోకి దిగిన ఐదు మెట్లు

హరిలాల్ ఇంటి మెట్లను మొదటిసారి చూసిన రోజున నా చేతిలో టేపు ఉంది, అతని చేతిలో నోటీసు ఉంది. ఇద్దరం ఒకే చోటికి చూస్తున్నాం. మెట్లు మొత్తం ఇరవై రెండు. పై పదిహేడు అతని స్థలంలోనే, అతని గోడను ఆనుకుని డాబా మీదికి పోతాయి. కింది ఐదు మాత్రం ప్రహరీ దాటి సూటిగా వీధిలోకి దిగుతాయి. ఆ ఐదింటినీ పదిహేను రోజుల్లో తొలగించాలని కార్పొరేషన్ నోటీసు.

"ఐదు తీసేస్తే పదిహేడు మిగుల్తయ్ సార్," అన్నాడు హరిలాల్. "గాలిల నుంచి ఎక్కాల్నా?"

అతను తాపీ మేస్త్రి. ఏన్కూరు దగ్గరి తండా నుంచి ఇరవై ఏళ్ల కింద ఖమ్మానికి పనికి వచ్చి, ఎవరెవరి ఇళ్లో కట్టి, చివరికి అరవై గజాల్లో తన ఇల్లు కట్టుకున్నాడు. అరవై గజాల్లో మెట్లు లోపల పెడితే ఒక గది పోతుంది. అందుకే బయట పెట్టాడు. తప్పని అతనికీ తెలుసు. ఆ సంగతి అడిగితే తల గోక్కుంటాడు.

నేను ముప్పై ఒక్క ఏళ్లు పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఖానాపురం హవేలిలో రెండు గదుల ఇంట్లో ఒక్కడినే ఉంటాను. నా భార్య ప్రమీల పోయి నాలుగేళ్లయింది. ఈ ఏడు ఏప్రిల్‌లో నా దగ్గర చదువుకున్న నాగలక్ష్మి ఫోన్ చేసింది. భద్రాచలం అవతల అడవి పల్లె నుంచి వచ్చి, హాస్టల్లో ఉండి చదివిన పిల్ల. ఇప్పుడు ఒక సర్వే టీముకు లీడరు.

"సార్, ఇంట్ల కూసుంటే మోకాళ్లు పట్టుకుపోతయ్. నా టీముల ఒక మనిషి తక్కువున్నడు. రాండ్రి," అంది.

మళ్లీ వరద వస్తే నగరంలో ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అని చూడడం ఆ టీము పని. కల్వర్టులు, కరెంటు, మంచినీళ్లు, దవాఖానాకు దారి, మనుషులు ఎక్కి తలదాచుకునే చోటు, అన్నీ చూసి వీధికి వందకు ఇన్ని మార్కులని వేయాలి. ఇన్నేళ్లు పిల్లలకు మార్కులు వేశాను, ఇప్పుడు వీధులకు వేయమన్నారు. ఒప్పుకున్నాను. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి ఒక కారణం దొరికింది, అదే పదివేలు.

మొదటి నెల భద్రాచలంలో చేశాం. అక్కడ పని తేలిక. ఎవరిని అడిగినా వాళ్ల ఇంటి గడపకు గోదావరి ఎన్ని అడుగుల దగ్గర తాకుతుందో నోటిలెక్కగా చెప్పారు. ఖమ్మం వచ్చాక అలా చెప్పేవాళ్లు దొరకలేదు.

"మా దిక్కు గోదారి చెప్పి వస్తది సార్," అంది నాగలక్ష్మి. "ఇయ్యాల ఇన్ని అడుగులు, రేపు ఇన్ని అడుగులు అని. ఈడి మున్నేరు గట్ల గాదు. తలుపు కొట్టకుండ లోపలికొస్తది."

మేము చూస్తున్నది మున్నేటి వైపు ఉన్న కాలనీ. కాగితాల్లో దానికి వేరే పేరుంది కానీ ఆటోవాళ్లకు సీతాఫలాల కాలనీ అంటేనే తెలుస్తుంది. అందులో మూడో లైను పది అడుగుల వెడల్పు. హరిలాల్ మెట్లు అందులో నాలుగు అడుగుల ఏడు అంగుళాలు తిన్నాయి. మిగిలిన దాంట్లో షేర్ ఆటో పోతుంది, చెత్త బండి పోతుంది, పెళ్లి ఊరేగింపు కూడా కాస్త సన్నబడి పోతుంది.

"పడవే పోదండీ," అన్నాడు పక్కింటాయన.

ఆయన పేరు వెంకటేశ్వరరావు. కృష్ణా జిల్లా నుంచి వాళ్ల నాన్న కాలంలోనే అశ్వారావుపేట వచ్చి పొలం కొనుక్కున్న కుటుంబం. ఇప్పుడు అక్కడ పామాయిల్ తోట, ఇక్కడ ఎరువుల కొట్టు. ఆ మెట్ల మీద ఫిర్యాదు పెట్టింది ఆయనే. ఆ సంగతి దాచుకోలేదు. గేటు తీసుకుని చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"రెండేళ్ల కింద సెప్టెంబరులో వరదొచ్చిందా. రబ్బరు పడవ వచ్చిందా. ఇదుగో, ఈ మెట్ల రెయిలింగు దగ్గర ఆగిపోయింది. లోపల పదకొండు ఇళ్లున్నాయి. వాళ్లందర్నీ గుండెల్లోతు నీళ్లలో తాడు పట్టించి నడిపించుకొచ్చారు. అందులో ఒకావిడ నిండు నెలలది. రాసుకోండి."

"రాసుకోండ్రి సార్," అన్నాడు హరిలాల్. "గట్లనే ఇంకోటి గూడ రాసుకోండ్రి. ఆ దినం ఈ మెట్లెక్కి మా డాబా మీద కూసున్నోళ్లు నలభై ముగ్గురు. మెట్లే లేకపోతే పడవల ఎక్కెటానికి మనుషులు ఏడుంటుండె? అందుల రావు సార్ గూడ ఉన్నడు."

"నేను కాదన్నానా?"

"మీ ఇంట్ల మెట్లు లేకపాయె గదా."

దీనికి జవాబు వెంకటేశ్వరరావు వెనకాలే గేటు దగ్గర నిలబడి ఉంది. ఆవిడ నిర్మలాదేవి, ఆయన భార్య. మోకాళ్ల నొప్పుల మనిషి. గేటు పట్టుకునే నవ్వింది.

"మా ఇంటికి మెట్లు పెట్టడానికి తొమ్మిదేళ్లుగా మంచి మూల దొరకలేదు సార్. ఈశాన్యంలో పెట్టకూడదు. నైరుతిలో పెడదామంటే అక్కడ పడకగది కిటికీ. వాయవ్యంలో సెప్టిక్ ట్యాంకు ఉంది. అందుకని వెదురు నిచ్చెన కొన్నారు. వరదలో అందరికంటే ముందు ఖాళీ చేసి వెళ్లింది ఆ నిచ్చెనే."

హరిలాల్ భార్య సోని పైనుంచి బట్టలు ఆరేస్తూ వింటోంది. "అక్క రెండు జాడీలు పట్టుకొని ఎక్కింది సార్," అంది. "పండుమిరపకాయ పచ్చడి. నేను బియ్యం పొయ్యి మీద పెట్టిన. నలభై ముగ్గురం రెండు దినాలు గదే తిన్నం. నోరు మండుతుంటే చలి తెల్వలే."

"మా ఆయన ఏం పట్టుకొని ఎక్కారో చెప్పు," అంది నిర్మలాదేవి.

"గోడ గడియారం," అంది సోని.

"అది మా నాన్నది," అన్నాడు వెంకటేశ్వరరావు.

నేను టేపు చుట్టి మెట్ల మీద చేయి పెట్టాను. ఒక్కో మెట్టు ఆరు అంగుళాల ఎత్తు, పదకొండు అంగుళాల వెడల్పు. మేస్త్రీలు ఇంత తక్కువ ఎత్తు పెట్టరు. చోటు ఎక్కువ పడుతుంది. ప్రమీల చివరి రెండేళ్లూ ఏ ఇంటికి వెళ్లినా ముందు మెట్ల ఎత్తు చూసేది. ఏడున్నర అంగుళాలైతే కిందనే కూర్చుని నన్ను వెళ్లి రమ్మనేది. ఆరు అంగుళాల మెట్లు ఆవిడ లెక్కలో మర్యాద తెలిసిన మెట్లు.

"ఆరే ఎందుకు పెట్టావు?" అని అడిగాను.

"మా అవ్వ ఉండె సార్ అప్పుడు. పైన ఎండల కూసునేది. ఆమె కాలు ఎంత లేస్తదో చూసి పెట్టిన."

నాగలక్ష్మి ఫోనులో ఫారం తెరిచి నుదురు ముడేసింది. నన్ను పక్కకు పిలిచింది. "సార్, ఇందుల దారి గురించి ఒక్కటే ప్రశ్న ఉన్నది. దారికి అడ్డం ఉన్నదా, లేదా. ఉన్నదని కొడితే పడవ దారి లేదని లైనుకు మార్కులు పోతయ్, నోటీసు పక్కా అయితది. లేదని కొడితే అబద్ధం. కిందనే ఇంకోటి, ఎత్తయిన చోటు. సర్కారు బిల్డింగు, ఫంక్షన్ హాలు, లేదు. మూడే. మేస్త్రి డాబా అన్నది యాడ లేదు."

"గడువెప్పుడు?"

"శనివారం. ఆ తర్వాత లాక్ అయితది."

ఆ రోజు మంగళవారం.

మర్నాడు నాగలక్ష్మి వెదురు బొంగులు కొనుక్కొచ్చింది. వీధి మధ్యలో గొంతుక్కూర్చుని, కత్తితో చీల్చి, నార తాడుతో కట్టి, రబ్బరు పడవ కొలతకు ఒక చట్రం తయారు చేసింది. ఆరున్నర అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడుగు. వాళ్ల నాన్న పగిడయ్య తడికెలు అల్లుతాడట. ఆమె ముడి వేసే తీరు చూసి హరిలాల్ పని ఆపేసి నిలబడ్డాడు.

"మేడమ్, గిదేం ముడి?"

"మా నాయిన ముడి. సెంట్రింగుకు పనికొస్తది, సూడు."

ఆ ముడి నేర్చుకుంటూ తన మెట్ల సంగతి కాసేపు మరిచిపోయాడు.

చట్రాన్ని నలుగురం ఎత్తుకున్నాం. ముందు కొన వెంకటేశ్వరరావు పట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనే వచ్చాడు. లైను మొదటి నుంచి పడవలాగే నడిచాం. ఇళ్లల్లోంచి జనం వచ్చి చూశారు. నీళ్లు లేని వీధిలో పడవ వస్తుంటే చూడకుండా ఎట్లా ఉంటారు. ఒకావిడ "టికెట్టు ఎంత?" అని అడిగింది. హరిలాల్ మెట్ల దగ్గరికి వచ్చేసరికి చట్రం రెయిలింగుకు కొట్టుకుని ఆగింది.

"ఇదుగో," అన్నాడు వెంకటేశ్వరరావు. ముఖం పరీక్ష పాసైన వాడిలా వెలిగింది.

హరిలాల్ రెయిలింగు మీద చేయి వేసి కిందికి చూస్తున్నాడు. మెట్లు అడ్డమని అతనికి ఎవరో చెప్పడం వేరు, తన చేత్తో కట్టిన మెట్టుకు బొంగు తగిలిన చప్పుడు వినడం వేరు. "అవ్ సార్," అన్నాడు నాతో. "పోదు. నేను ఒప్పుకుంట."

నాగలక్ష్మి ఫారం తీసింది. మొదటి ప్రశ్న నొక్కబోయి, రెండోది నాకు చూపించింది. "ఎత్తయిన చోటు, మెయిన్ రోడ్డు మీది ఫంక్షన్ హాలు. ఏడు వందల మీటర్లు. నడక టైము యాపే లెక్క కట్టింది సార్, తొమ్మిది నిమిషాలు."

"ఎవరి నడకతో?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. నేను నిర్మలాదేవి వైపు చూశాను. ఆవిడ వాకిట్లో కుర్చీ వేసుకుని చోద్యం చూస్తోంది. "అమ్మా, మాతో ఫంక్షన్ హాలు దాకా నడుస్తారా? మీకు వీలైనట్టే నడవండి," అన్నాను.

"భోజనం పెడతారా అక్కడ?" అంది ఆవిడ, చెప్పులు వేసుకుంటూ.

ఆవిడతో పాటు వెంకటేశ్వరరావు కూడా బయల్దేరాడు. ఎండగా ఉందని గొడుగు పట్టాడు. నాగలక్ష్మి ఫోనులో గడియారం నొక్కింది. మొదటి మలుపు దాకా ఆవిడ బాగానే నడిచింది. తర్వాత ఒక కరెంటు స్తంభం పట్టుకుని నిలబడింది. ఆకుకూరలమ్మి కనబడితే తోటకూర ఎంత అని అడిగింది. అడిగినంత సేపూ మోకాలు నిమురుకుంది. ఆకుకూర కోసం ఆగలేదని ఆయనకు అర్థమైంది. గొడుగు ఇంకాస్త ఆవిడ వైపు వంచాడు. ఆయన సగం ఎండలో నడిచాడు.

"ఆ రోజు నీళ్లు మోకాలి నుంచి నడుము దాకా రావడానికి ఎంతసేపు పట్టింది?" అని అడిగాను.

"పావుగంట," అన్నాడు ఆయన. "గడియారం చేతిలోనే ఉందిగా, చూశాను."

ఫంక్షన్ హాలు మెట్ల ముందు ఆవిడ కూర్చునేసరికి ఇరవై మూడు నిమిషాలు. పొడి నేల మీద, పట్టపగలు, గొడుగు నీడలో ఇరవై మూడు నిమిషాలు. నాగలక్ష్మి ఫోను ఆయనకు చూపించలేదు. ఆయనే వంగి చూసుకున్నాడు.

తిరిగి రావడానికి ఆటో ఎక్కాం. ఇంటి దగ్గర దిగాక నిర్మలాదేవి లోపలికి వెళ్లలేదు. "ఇదీ కొలవండి మరి," అని తన గేటు దగ్గర నుంచి హరిలాల్ మెట్ల వైపు నడిచింది. ఒక్కో మెట్టు ఎక్కి పైన సోని పక్కన నిలబడింది. మూడు నిమిషాలు. ఆగకుండా ఎక్కింది.

"ఆ మెట్లు ఎక్కడుంటేనేం, తీయించొద్దు," అంది పైనుంచి. "ఆయనకు చెప్పండి."

"ఆయన ఇక్కడే ఉన్నాడు," అన్నాడు వెంకటేశ్వరరావు.

"మీకే చెబుతున్నా."

ఆ సాయంత్రం నేను ఇంట్లో కాగితం పరిచి గీతలు గీశాను. చాలా ఏళ్ల తర్వాత సెట్ స్క్వేర్ బయటికి తీశాను. పై పదిహేడు మెట్లకు ఢోకా లేదు. కింది ఐదింటిని వీధిలోకి సూటిగా కాకుండా పక్కకు తిప్పితే చాలు. తూర్పుకు తిప్పడానికి లేదు, అటు హరిలాల్ సెప్టిక్ ట్యాంకు ఉంది. ఇక మిగిలింది పడమర. పడమర అంటే వెంకటేశ్వరరావు ప్రహరీ మూల. మూడు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడుగు చోటు కావాలి. రెండిళ్లూ ఉత్తరం వీధి వైపు ముఖం పెట్టిన ఇళ్లు. కాబట్టి ఆ మూల ఆయనకు ఈశాన్యం.

పెన్సిల్ పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను. ఆ ఇంట్లో ఎనిమిది మూలలుంటే, కదపకూడనిది కచ్చితంగా అదే.

గురువారం ఆ కాగితం ఇద్దరి ముందూ పెట్టాను. హరిలాల్ చూసి తల గోక్కున్నాడు. పక్కింటి చోటు అడిగే ధైర్యం అతనికి లేదు. వెంకటేశ్వరరావు కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు.

"ఈశాన్యం కోస్తారా?"

"కోయడం కాదండి. గోడ మూడు అడుగులు లోపలికి జరుపుతాం."

"దాన్నే కోయడం అంటారు. మాస్టారూ, మీరు చదువుకున్నవారు, మీకు నమ్మకాలు ఉండకపోవచ్చు. ఈశాన్యం తగ్గితే ఇంటికి మంచిది కాదు. అది తెలిసే తొమ్మిదేళ్లు మెట్లు లేకుండా ఉన్నాను."

"ఈశాన్యంలో నీళ్లుండాలి అన్నారుగా మీ వాస్తు సిద్ధాంతి," అంది నిర్మలాదేవి కాఫీ ఇస్తూ. "ఆ రోజు అటునుంచే వచ్చాయి. శాస్త్ర ప్రకారం డైనింగ్ టేబుల్ తేలింది."

హరిలాల్ కాఫీ గ్లాసులోకి నవ్వాడు. వెంకటేశ్వరరావు నవ్వలేదు. కోప్పడలేదు కూడా. ఆలోచించి చెబుతానన్నాడు.

ఆయన్ని తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. మనిషి ఒక నమ్మకం కోసం తొమ్మిదేళ్లు మెట్లు లేకుండా ఉన్నాడంటే దానికి విలువ ఇవ్వాలి. పైగా అది ఆయన సొంత చోటు. ఇవ్వనంటే ఎవరూ ఏమీ అనలేరు. శుక్రవారం సాయంత్రం దాకా ఫోను రాలేదు. హరిలాల్ మాత్రం చేశాడు. "సార్, మీరు అడ్డమున్నదనే రాయండ్రి. అబద్ధం రాసి మీ పేరు చెడగొట్టుకోకండ్రి. నేనే పగలగొట్టుకుంట. నా చేతుల్తో అయితే పై మెట్లకు దెబ్బ తగలదు," అన్నాడు. తర్వాత "భోజనం చేసినారా" అని అడిగి పెట్టేశాడు. అంత బాధలో ఉన్న మనిషి నా భోజనం సంగతి అడిగాడు. ఆ పూట వండుకోబుద్ధి కాకపోయినా వండుకున్నాను.

శనివారం పొద్దున ఏడింటికే వెంకటేశ్వరరావు ఫోన్ చేశాడు. మేము వెళ్లేసరికి ఆయన ఆ మూలలో నిలబడి వాస్తు సిద్ధాంతితో ఫోనులో మాట్లాడుతున్నాడు. అందరికీ వినబడేట్టు స్పీకరు పెట్టాడు.

"నేను చోటు ఇవ్వటం లేదండీ. చోటు నాదే. అందులో మెట్లు కూడా నేనే పెట్టుకుంటున్నాను. నా మెట్లు. అవి ఎక్కి పక్కింటాయన డాబా మీదికి పోతాను. అప్పుడు కోసినట్టు కాదుగా?"

అవతలాయన కాస్త ఆలోచించాడు. "కోసినట్టు కాదు. గోడ లోపలికి కట్టకుండా జాలీ పెట్టుకోండి. కానీ ఈశాన్యంలో బరువు ఉండకూడదండి. మెట్లంటే బరువు కదా."

వెంకటేశ్వరరావు ముఖం చిన్నబోయింది. ఫోను మీద చేయి అడ్డం పెట్టి మా వైపు చూశాడు. ఇంత దూరం వచ్చి ఇక్కడ ఆగిపోయామనుకున్నాను.

"ఎంత బరువు ఉండొద్దంటడు?" అన్నాడు హరిలాల్.

"అది ఆయన చెప్పరయ్యా."

"రాతి కట్టడం వద్దు రావు సార్. ఇనుప యాంగిల్ పెట్టి, పైన కాలు జారని చెక్కర్డ్ ప్లేటు వెల్డింగు చేపిస్త. కింద ఖాళీ. నలుగురం లేపితే లేస్తయ్. బోల్టులతోని నిలబెడత. అది బరువు కిందికి వస్తదా, సామాను కిందికి వస్తదా, అడుగుండ్రి."

అడిగారు. సామాను కిందికి వస్తుందని సిద్ధాంతి ఒప్పుకున్నాడు.

నాగలక్ష్మి నా చేతిలో కాగితం లాక్కుని చూస్తోంది. ఆమెకు నాకంటే ముందే తట్టింది. "సార్, కింద ఖాళీ అంటే నీళ్లు అడుగు నుంచి పోతయ్. రాతి మెట్లయితే కొట్టుకొచ్చిన చెత్త అంత ఆడనే ఆగుతుండె. ఇది మీ డ్రాయింగు కంటే మంచిగున్నది." అవును. నేను రాతి మెట్లే గీశాను. వాస్తు సిద్ధాంతి ఎక్కడో కూర్చుని నా తప్పు దిద్దాడు. ఆ మాట ఆయనకు చెబుదామనుకున్నాను కానీ అప్పటికే ఫోను పెట్టేశారు.

నాగలక్ష్మి పై ఆఫీసుతో మాట్లాడింది. యజమానులే దారి ఖాళీ చేస్తున్నామని రాసిస్తే జూన్ మొదటి వారం దాకా ఆ లైనును పెండింగులో పెట్టొచ్చన్నారు. కాగితం మీద ఇద్దరూ సంతకం చేశారు. వెంకటేశ్వరరావు ముందు తన పేరు రాసి, కింద బ్రాకెట్లో "కింది ఐదు మెట్లు" అని రాశాడు. హరిలాల్ కూడా అలాగే రాయాలనుకుని, "పై పదిహేడు" అని రాశాడు.

జూన్ మొదటి వారంలో మళ్లీ వెళ్లాం. ముందు రాత్రి తొలకరి పడింది. లైను మొదట్లోనే తడి మట్టి వాసన. హరిలాల్ ప్రహరీ ముందు వీధి పది అడుగులూ ఖాళీగా ఉంది. పాత మెట్లు ఉన్న చోట సిమెంటు కొత్తగా నున్నగా వేశాడు. పక్కన వెంకటేశ్వరరావు మూలలో ఐదు ఇనుప మెట్లు, ఆరేసి అంగుళాల ఎత్తు. ఆ కొలత మార్చొద్దని నిర్మలాదేవి టేపు పట్టుకుని దగ్గర నిలబడిందని సోని చెప్పింది. ఆయన వాటికి ఆకుపచ్చ రంగు వేయించాడు. పై పదిహేడింటి రెయిలింగు పసుపు పచ్చ. ఎక్కడ ఎవరివో కొత్తవాళ్లకు కూడా తెలుస్తుంది.

వెదురు చట్రం హరిలాల్ దాచి ఉంచాడు. ఈసారి మోయడానికి లైనులో సగం మంది వచ్చారు. లోపలి పదకొండు ఇళ్లవాళ్లు చివర నిలబడి ఎదురు చూశారు. వాళ్లలో వరదప్పటి నిండు నెలలావిడ ఉంది. చంకలో రెండేళ్ల పాప. చట్రం మెట్ల దగ్గర ఆగకుండా దాటింది, చివరి ఇంటి దాకా పోయింది. ఉత్సాహం ఆగక దాన్ని వెనక్కి కూడా నడిపించారు. పాపను దాని మధ్యలో నిలబెట్టి తెచ్చారు.

"అడ్డం లేదు," అని నాగలక్ష్మి ఫారంలో నొక్కింది. "నోటీసు ఇగ పనికిరాదు మేస్త్రీ. చింపకు, దాచుకో." హరిలాల్ దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. సోని డాబా మీది నుంచి అతని వైపు చూసి ఏదో వాళ్ల భాషలో అంది. అతను అలాగే తల పైకెత్తి నవ్వుతూ నిలబడ్డాడు.

"ఎత్తయిన చోటు," అంది నాగలక్ష్మి. "దీనికోసం ఆఫీసోళ్లతోని వారం కొట్లాడిన సార్. ఇప్పుడు ‘ఇతరం’ అని నాలుగోది పెట్టిన్రు. హరిలాల్ డాబా. ఎంతమంది పడతరు? నలభై మూడు అని రాస్తున్న."

"ఎనభై రాయమ్మాయ్," అన్నాడు వెంకటేశ్వరరావు.

అందరం ఆయన వైపు చూశాం.

"రెండు డాబాల మధ్య సందు రెండడుగులేగా. అక్కడ ఒక ఇనుప పలక వేస్తే మా డాబా కూడా కలుస్తుంది. కొలిపించాను. వెల్డింగు వాడు రేపు వస్తాడు. మా డాబా ఆయనదాని కంటే పెద్దది."

"పెద్దదే రావు సార్," అన్నాడు హరిలాల్. "తొమ్మిదేండ్ల సంది ఎవ్వరు ఎక్కలే గదా, చోటు బాగనే ఉంటది."

"నిన్న మీ డాబా మీంచి దాటి ఎక్కాను," అన్నాడు ఆయన. "గాలి బాగుంది."

నాగలక్ష్మి ఎనభై అని కొట్టి సేవ్ నొక్కింది. ఫోనులో చక్రం తిరుగుతూనే ఉంది, ఫారం వెళ్లలేదు. రెండు అడుగులు అటు, రెండు అడుగులు ఇటు వేసి చూసింది.

"కింద సిగ్నలు రాదు మేడమ్," అంది సోని. "పైకి రాండ్రి. ఈడ మంచిగొస్తది."

నాగలక్ష్మి ఫోను తలపైకి ఎత్తి పట్టుకుని మెట్లెక్కసాగింది. కొత్త ఇనుము మీద ఆమె చెప్పులు టంగుటంగుమంటున్నాయి. వెంకటేశ్వరరావు కింద నిలబడి ఒకటి, రెండు, మూడు అని గట్టిగా లెక్కపెట్టాడు. ఐదు దగ్గర ఆగాడు. ఆరు నుంచి హరిలాల్ అందుకున్నాడు.